మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్: 86.2 నుంచి 96.4కి

మేరీ స్క్వొడోవ్‌స్కా క్యూరీ పేరుతో యూరోపియన్ కమిషన్ ఇచ్చే పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కి నేను రెండుసార్లు దరఖాస్తు చేశాను. 2023లో వందకి 86.2 వచ్చింది, ఫెలోషిప్ రాలేదు. 2024లో అదే సూపర్‌వైజర్‌తో, ముప్పాతిక వంతు అదే సైన్సుతో పెడితే 96.4 వచ్చింది. ఫ్రాన్స్‌లో 24 నెలలకు డబ్బు మంజూరైంది. నడుమ నా పేపర్ల జాబితాలో కొత్తగా చేరింది ఒక్కటే. మారిందల్లా ప్రపోజల్‌లోని పది పేజీలు రాసిన తీరు. పీహెచ్‌డీ ముగించి యూరప్ వైపు చూసే మనవాళ్లలో ఈ ఫెలోషిప్ పేరు వినని వాళ్లు ఉండరు. మార్కులు ఎక్కడ పడతాయో, ఎక్కడ పోతాయో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఆ భాగమే ఎక్కువ రాస్తున్నాను.

పోటీ ఎంతో ముందే తెలిసి ఉండాలి. 2023లో 8,039 దరఖాస్తులు వస్తే 1,249 మందికి ఇచ్చారు. 2024లో 10,360కి 1,696 మందికి వచ్చింది. 2025లో దరఖాస్తులు ఒక్కసారిగా 17,058కి చేరాయి. కమిషన్ పెట్టిన కనీస మార్కు 70 శాతమే. డబ్బు అందే గీత మాత్రం కెమిస్ట్రీ లాంటి ప్యానెళ్లలో, అంటే శాస్త్ర విభాగాల్లో, 90కి పైనే ఉంటోంది. అంటే మంచి ప్రపోజల్ చాలదు, తప్పు దొరకని ప్రపోజల్ కావాలి.

అర్హత దగ్గరే చాలామంది పొరపడతారు. కింద చెప్పేవి 2023, 2024 పిలుపుల (దరఖాస్తులు కోరుతూ కమిషన్ ఏటా ఇచ్చే ప్రకటనల) నిబంధనలు. ప్రతి పిలుపుకీ వర్క్ ప్రోగ్రామ్, గైడ్ కొత్తగా విడుదలవుతాయి కాబట్టి మీ ఏడాదివి తప్పనిసరిగా చదవండి. భారతీయులు పెట్టుకోగలిగింది యూరోపియన్ ఫెలోషిప్, 12 నుంచి 24 నెలలు. గ్లోబల్ ఫెలోషిప్ అనే రెండో రకం యూరప్ పౌరులకు, అక్కడ దీర్ఘకాలంగా స్థిరపడినవారికి మాత్రమే. గడువు రోజుకి పీహెచ్‌డీ అయిపోయి ఉండాలి. కాన్వొకేషన్ పట్టా చేతికి రాకపోయినా వైవా విజయవంతంగా ముగిస్తే సరిపోతుంది. థీసిస్ సమర్పించి కూర్చుంటే మాత్రం కుదరదు. మన విశ్వవిద్యాలయాల్లో బయటి పరీక్షకుల నివేదికలు రావడానికే నెలలు పడుతుంది. జూన్‌లో థీసిస్ ఇచ్చి సెప్టెంబరు పిలుపు మీద ఆశ పెట్టుకోకండి. పీహెచ్‌డీ తేదీ నుంచి పరిశోధనానుభవం ఎనిమిదేళ్లు దాటకూడదు. ప్రసూతి విరామాలు, పరిశోధనకు దూరంగా ఉన్న కాలం ఆ లెక్కలోంచి తీసేస్తారు. వాటికి రుజువులు దాచుకోండి.

మూడోది మొబిలిటీ నియమం. గడువుకి ముందు 36 నెలల్లో, హోస్ట్ (మిమ్మల్ని తీసుకునే సంస్థ) ఉన్న దేశంలో 12 నెలలకు మించి నివసించి గానీ ప్రధానంగా పనిచేసి గానీ ఉండకూడదు. ఇప్పటికే జర్మనీలో ఏడాదిన్నరగా పోస్ట్‌డాక్ చేస్తున్నవారు జర్మన్ హోస్ట్‌తో పెట్టలేరు, డెన్మార్క్ హోస్ట్‌తో పెట్టొచ్చు. సెలవులకు వెళ్లిన రోజులు లెక్కలోకి రావు. ల్యాబ్‌లో పనిచేసిన రోజులు వస్తాయి. ఇండో ఫ్రెంచ్ సెంటర్ ఇచ్చే రామన్ చార్పాక్ ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ నడుమ కొన్ని నెలలు ఫ్రాన్స్ వెళ్లొచ్చినవాళ్లకు ఈ భయం ఎక్కువ. ఆ నెలలు కలుస్తాయి కానీ 12 దాటనంతవరకు ఇబ్బంది లేదు. పైగా ఆ నెలల్లో కలిసిన ప్రొఫెసరే రేపు మీ హోస్ట్ కావచ్చు. అలాంటి చిన్న ఫెలోషిప్‌ను పెద్దదానికి మెట్టుగా చూడాలని నా అభిప్రాయం.

హోస్ట్ కోసం వెతకడం జనవరిలో మొదలవ్వాలి. పిలుపు ఏప్రిల్‌లోనో మేలోనో తెరుచుకుంటుంది, గడువు సెప్టెంబరు రెండో వారం. అప్పటిదాకా ఆగితే చాలా సంస్థల తలుపులు మూసుకుపోతాయి. ఎందుకంటే పెద్ద సంస్థలు ముందే, మార్చికీ జూన్‌కీ మధ్య, ఆసక్తి ప్రకటన పేరుతో లోపలి ఎంపిక ముగించేస్తాయి. ఈ ప్రకటనలు యూరప్ పరిశోధన ఉద్యోగాల సైట్ యూరాక్సెస్‌లో దొరుకుతాయి. నేను పద్నాలుగు మందికి రాస్తే ఆరుగురు బదులిచ్చారు, ఇద్దరు సరేనన్నారు. బదులొచ్చిన మెయిళ్లన్నీ పది వరుసల్లోపే ఉన్నాయి. ఫలానా సంవత్సరం మీరు ప్రచురించిన ఫలానా పనిలో ఈ ప్రశ్న మిగిలి ఉంది, దానికి నా దగ్గర ఈ పద్ధతి ఉంది, మీ దగ్గర ఈ పరికరం ఉంది, మేరీ క్యూరీకి కలిసి పెడదామా, అంతే. వెంట రెండు పేజీల సీవీ, ఒక పేజీ ఆలోచన. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై తన అర్హతలన్నీ ఏకరువు పెట్టే ఉత్తరం అక్కడ చదవరు.

సరేనన్న ఇద్దరిలో ఎవరిని ఎంచుకోవాలి? పేరున్న ప్రొఫెసర్ కన్నా, గతంలో ఈ ఫెలోలను తీసుకున్న ప్రొఫెసర్ మేలు. సంస్థలో గ్రాంట్ ఆఫీసు ఉండి, మీ ముసాయిదా చదివి వ్యాఖ్యలు రాసిస్తుందా అని మొదటి వీడియో కాల్‌లోనే అడగండి. ఆ ఆఫీసు లేని చోట హోస్టింగ్ ఏర్పాట్ల గురించిన భాగం మీరు ఊహించి రాయాల్సి వస్తుంది. ఊహించి రాసింది మూల్యాంకనం చేసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పోర్టల్ సంగతి కొంచెం తిరకాసుగా ఉంటుంది. దరఖాస్తుదారు మీరు కాదు, హోస్ట్ సంస్థ. ఫండింగ్ అండ్ టెండర్స్ పోర్టల్‌లో ప్రపోజల్ తెరవాల్సింది సూపర్‌వైజర్. ముఖ్య సంప్రదింపు వ్యక్తి ఆయనే. మీ ఈయూ లాగిన్ మెయిల్‌తో ఆయన మిమ్మల్ని పరిశోధకుడిగా చేర్చాలి. చాలా సూపర్‌వైజర్లకు ఇది ఏడాదికి ఒకసారి చేసే పని, అందుకే మరిచిపోతారు. జులైలోనే తెరిపించి, సంస్థను గుర్తించే తొమ్మిదంకెల పిక్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. పెద్ద సంస్థలకు రెండు మూడు పిక్‌లు ఉంటాయి, తప్పుది ఎంచుకుంటే తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి.

దరఖాస్తులో పార్ట్ ఎ అంటే ఆన్‌లైన్ ఫారాలు. అందులో రెండు చోట్ల ఆగి ఆలోచించాలి. మొదటిది ప్యానెల్. కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథమెటిక్స్, లైఫ్ సైన్సెస్, పర్యావరణం, ఇంజినీరింగ్, సామాజిక శాస్త్రాలు, ఆర్థిక శాస్త్రం అని ఎనిమిది. నా పని సోడియం అయాన్ బ్యాటరీల కోసం వ్యవసాయ వ్యర్థాల నుంచి హార్డ్ కార్బన్ (ఆనోడ్‌లో వాడే, గ్రాఫైట్‌గా మారని కార్బన్) తయారుచేయడం. ఇది కెమిస్ట్రీకీ సరిపోతుంది, ఇంజినీరింగ్‌కీ సరిపోతుంది. ప్రశ్న పదార్థం నిర్మాణం గురించైతే కెమిస్ట్రీ, సెల్ రూపకల్పన గురించైతే ఇంజినీరింగ్. ప్యానెల్ కింద ఎంచుకునే కీలకపదాలను బట్టే మీ ప్రపోజల్ ఎవరి చేతిలో పడుతుందో తేలుతుంది. మొదటిసారి ఎలక్ట్రోకెమిస్ట్రీని ముందు పెట్టాను, రెండోసారి కార్బన్ పదార్థాలను ముందు పెట్టాను. వచ్చిన వ్యాఖ్యల్లో తేడా స్పష్టంగా కనిపించింది.

రెండోది, గత ఐదేళ్లు ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు అని నింపే పట్టిక. తేదీ నుంచి తేదీ వరకు, ఖాళీ లేకుండా. వైవాకీ మొదటి ఉద్యోగానికీ మధ్య ఊళ్లో గడిపిన మూడు నెలలను చాలామంది వదిలేస్తారు. వదలకండి. నివాసం భారతదేశం, పని ఏమీ లేదు అని రాయొచ్చు. అది తప్పు కాదు. ప్రపోజల్ రెండో పత్రమైన పార్ట్ బి2లో పెట్టే సీవీ తేదీలకూ ఈ పట్టిక తేదీలకూ ఒక్క నెల తేడా ఉన్నా అర్హత తనిఖీలో ప్రశ్న వస్తుంది.

ఇక అసలు సంగతి పార్ట్ బి1, అంటే ప్రపోజల్ ప్రధాన పాఠం. పది పేజీలు, అక్షరం 11 పాయింట్లకు తగ్గకూడదు, అంచు 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పదో పేజీ దాటిన భాగాన్ని మూల్యాంకనం చేసేవాళ్లకు కనిపించకుండా చేస్తారు. చివరి పేజీలో ఉండేది గాంట్ చార్టూ (ఏ పని ఏ నెలలో అని చూపే పటం), హోస్టింగ్ ఏర్పాట్లూ కాబట్టి నాలుగు వరుసలు జరిగినా నష్టం అక్కడే.

మార్కుల లెక్క ఇది. ఎక్సలెన్స్‌కి 50 శాతం, ఇంపాక్ట్‌కి 30, ఇంప్లిమెంటేషన్‌కి 20. ఒక్కోదానికి 5కి మార్కులు, దశాంశం ఒక స్థానం వరకు. అంటే ఎక్సలెన్స్‌లో 0.1 పోతే మొత్తంలో ఒక మార్కు, ఇంపాక్ట్‌లో 0.1 పోతే 0.6, ఇంప్లిమెంటేషన్‌లో 0.1 పోతే 0.4. 2023లో నాకు వచ్చినవి 4.5, 4.2, 4.0. వందకు మారిస్తే 45, 25.2, 16. పోయిన 13.8 మార్కుల్లో సైన్సు వైపు పోయింది ఐదే. మిగతా 8.8 ఇంపాక్ట్‌లో, ఇంప్లిమెంటేషన్‌లో పోయాయి. ఆ రెండు భాగాలనూ గడువుకి ముందు వారం రాశాను. సైన్సుకి మూడు నెలలు పెట్టాను. చేసిన పెద్ద తప్పు అదే. నా తర్వాత చదివి పెట్టిన అరడజను ముసాయిదాల్లోనూ అదే కనిపించింది. మనకు థీసిస్ రాయడం అలవాటు. థీసిస్‌లో ఇంపాక్ట్ అనే అధ్యాయం ఉండదు.

ఎక్సలెన్స్‌లోనూ సైన్సు ఒక్కటే కాదు. అందులో నాలుగు ఉపభాగాలు: లక్ష్యాలు, పద్ధతి, సూపర్‌విజన్‌తో పాటు శిక్షణ, మీ అనుభవం. పద్ధతిలో ఓపెన్ సైన్స్ గురించి, జెండర్ కోణం గురించి విడిగా రాయాలి. ఓపెన్ సైన్స్ అంటే ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో వేస్తాం అని ఒక వాక్యం రాస్తే మార్కు పోతుంది. ప్రీప్రింట్ ఎప్పుడు పెడతారు, ముడి డేటా జెనోడో లాంటి ఏ భాండాగారంలో ఏ లైసెన్సుతో ఉంచుతారు, విఫలమైన ప్రయోగాల డేటా కూడా ఉంచుతారా అన్నది కావాలి. జెండర్ కోణం అంటే జట్టులో ఆడవాళ్లు ఎంతమంది అని కాదు, పరిశోధన విషయంలోనే ఆ తేడా ముఖ్యమా అని. బ్యాటరీ పదార్థానికి అది వర్తించదు. ఎందుకు వర్తించదో రెండు వాక్యాల్లో నిజాయితీగా రాశాను. లేనిది కల్పించి రాసినవాళ్లకు బలహీనత అని వ్యాఖ్య రావడం చూశాను.

శిక్షణ భాగం మొదటిసారి నన్ను బాగా దెబ్బతీసింది. కొత్త పరికరాలు నేర్చుకుంటాను అని రాసి వదిలేశాను. శిక్షణ ఎవరిస్తారో, ఎప్పుడిస్తారో స్పష్టంగా లేదని మూల్యాంకన నివేదికలో వచ్చింది. రెండోసారి చిన్న పట్టిక పెట్టాను. ఏ నైపుణ్యం, ఎవరు నేర్పుతారు, ఏ నెలలో, నేర్చుకున్నట్టు రుజువేమిటి. ఉదాహరణకి, హార్డ్ కార్బన్‌లో మూసుకుపోయిన సూక్ష్మ రంధ్రాలను కొలవడానికి చిన్న కోణాల ఎక్స్‌రే స్కాటరింగ్ కావాలి. అది ఏ శాస్త్రవేత్త దగ్గర, ఐదో నెలలో ఎన్ని రోజులు, పదో నెలకల్లా నేను సొంతంగా డేటా విశ్లేషించి సూపర్‌వైజర్‌కి ఇస్తాను అని. దీనికి ఎదురుగా, మీరు హోస్ట్‌కి ఏం నేర్పుతారో కూడా అంతే స్పష్టంగా ఉండాలి. ఇక్కడ మనవాళ్లు మరీ వినయంగా రాస్తారు. వరి ఊక లాంటి ముడి సరుకులో సిలికా బూడిద ఎంత ఉంటుందో, దాన్ని ఎలా తొలగించాలో నాకు తెలుసు, ఆ ల్యాబ్‌కి తెలియదు. ఇద్దరు మాస్టర్స్ విద్యార్థులకు ఆ పద్ధతి నేర్పుతానని నెలలతో సహా రాశాను. ఇచ్చిపుచ్చుకోవడం ఈ ఫెలోషిప్‌కి ప్రాణం. వినయం అక్కడ పనికిరాదు.

ఇంపాక్ట్ మూడు ముక్కలు: మీ భవిష్యత్తు మీద ప్రభావం, ఫలితాలను జనంలోకి తీసుకెళ్లడం, సమాజం మీదా ఆర్థిక వ్యవస్థ మీదా ప్రభావం. మధ్య ముక్కలో మూడు మాటలున్నాయి, మూడూ వేరు. డిసెమినేషన్ అంటే తోటి శాస్త్రవేత్తలకు చేరవేయడం: పేపర్లు, సదస్సులు. ఎక్స్‌ప్లాయిటేషన్ అంటే ఫలితాన్ని ఎవరో వాడుకోవడం: పేటెంటు, కంపెనీ, విధాన నిర్ణయం. కమ్యూనికేషన్ అంటే శాస్త్రంతో పనిలేని జనానికి చెప్పడం. 2023లో నేను మూడింటినీ ఒక పేరాలో కలిపేశాను. రెండోసారి ఒక్కోదానికి లక్ష్య శ్రోతలు ఎవరు, ఏ మార్గంలో, ఎన్ని, ఏ నెలలో, విజయాన్ని ఎలా కొలుస్తాం అని రాశాను. సెప్టెంబరు చివరి శుక్రవారం యూరప్ అంతటా జరిగే పరిశోధకుల రాత్రిలో ప్రయోగ ప్రదర్శన ఒకటి, హోస్ట్ ఊళ్లోని పాఠశాలల్లో రెండు, తెలుగులో నాలుగు చిన్న వీడియోలు. తెలుగు వీడియోల సంగతి నివేదికలో బలాల కింద వచ్చింది. వరి ఊకతో బ్యాటరీ అన్న మాట గోదావరి జిల్లాల్లో ఎవరికి చెప్పినా చెవి ఒగ్గుతారు కదా, మూల్యాంకనం చేసినవాళ్లకూ ఆ సంబంధం అర్థమైంది.

సమాజం మీద ప్రభావం దగ్గర పెద్ద మాటలు రాస్తే నమ్మరు. ఆకుపచ్చ భవిష్యత్తు, సుస్థిర ప్రగతి లాంటివి తీసేసి, కొలవదగిన లంకెలు పెట్టాలి. సోడియం అల్యూమినియంతో మిశ్రమం కాదు కాబట్టి ఆనోడ్ వైపు రాగి రేకు బదులు అల్యూమినియం రేకు వాడొచ్చు. లిథియం బ్యాటరీల ఆనోడ్‌లో వాడే గ్రాఫైట్ యూరప్ కీలక ముడిపదార్థాల జాబితాలో ఉంది, హార్డ్ కార్బన్ దాని మీద ఆధారపడటాన్ని తగ్గిస్తుంది. కీలక ముడిపదార్థాల చట్టం 2024 మేలో అమల్లోకి వచ్చింది, 2023లో బ్యాటరీల నియంత్రణ చట్టం వచ్చింది. నా ఫలితం వీటిలో ఏ అవసరానికి ఏ దశలో ఉపయోగపడుతుందో రాశాను. మీ రంగానికి సంబంధించిన యూరప్ విధానపత్రం ఒకటి తప్పకుండా ఉంటుంది. అసలు పత్రం చదివి వాడండి, ఇతరుల ప్రపోజల్‌లోంచి వాక్యం ఎత్తుకుంటే సందర్భం కుదరదు.

ఇంప్లిమెంటేషన్‌లో గాంట్ చార్టు, వర్క్ ప్యాకేజీలు (పనుల విభాగాలు), ప్రమాదాల పట్టిక, హోస్ట్ సామర్థ్యం. నాది 24 నిలువు వరుసలు, ఆరు ప్యాకేజీలు. తయారీకి 7 వ్యక్తి నెలలు, నిర్మాణ విశ్లేషణకు 6, సెల్ పరీక్షలకు 6, శిక్షణకు 2, ప్రచారానికి 2, నిర్వహణకు 1. కూడితే 24 రావాలి. ఇది చిన్నపిల్లల కూడికే అయినా చాలా ప్రపోజల్స్‌లో తప్పుతుంది. డెలివరబుల్ అంటే చేతికిచ్చే వస్తువు: నివేదిక, డేటాసెట్, డేటా నిర్వహణ ప్రణాళిక, కెరీర్ ప్రణాళిక. మైలురాయి అంటే నిర్ణయం తీసుకునే బిందువు. 1,000 నుంచి 1,400 డిగ్రీల మధ్య కాల్చిన ఐదు నమూనాల్లో ఏ రెండిటితో ముందుకెళ్లాలో ఎనిమిదో నెలలో తేలాలి, అది మైలురాయి. ఈ రెండిటినీ కలగాపులగం చేస్తే ప్రణాళిక మీద నమ్మకం పోతుంది.

ప్రమాదాల పట్టికలో పరికరం చెడిపోవచ్చు, ఆలస్యం కావచ్చు అని రాయడం వృథా. మీ సైన్సులోనే ఉన్న ప్రమాదం రాయాలి. హార్డ్ కార్బన్‌కి మొదటి చార్జి, డిశ్చార్జి చక్రంలోనే కొంత సోడియం తిరిగిరాకుండా పోతుంది. ఆ నష్టం అనుకున్నదానికన్నా ఎక్కువ ఉంటే ఉపరితలానికి పూత వేస్తాం, అప్పటికీ తగ్గకపోతే ముందుగా సోడియం నింపే పద్ధతికి మారతాం. ఇంకొకటి సింక్రోట్రాన్ (శక్తిమంతమైన ఎక్స్‌రేలు ఇచ్చే భారీ యంత్రం) సమయం. గ్రెనోబుల్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్‌కి ఏడాదికి రెండుసార్లే ప్రపోజల్స్ తీసుకుంటారు, ఆమోదం వచ్చాక కూడా నెలలు ఆగాలి. గాంట్ చార్టులో ఆరో నెలలో బీమ్‌టైమ్ (ఆ యంత్రం మీద ప్రయోగ సమయం) అని గీస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టుకుంటారు. నేను పద్నాలుగో నెలకు జరిపి, సమయం దొరక్కపోతే ల్యాబ్ పరికరంతో ఏం చేయగలనో, ఏం చేయలేనో రాశాను. ఏం చేయలేనో రాయడం వల్ల మార్కు పోలేదు, వచ్చింది.

ముసాయిదాను మీ రంగం కాని ఒకరికి, రంగంలోని ఒకరికి, ఇంతకుముందు ఫెలోషిప్ తెచ్చుకున్న ఒకరికి ఇవ్వండి. మూల్యాంకనం ముగ్గురు విడివిడిగా చదివి ఏకాభిప్రాయానికి వచ్చే పద్ధతిలో జరుగుతుంది. ఆ ముగ్గురూ మీ సూక్ష్మ రంగంవారే అయి ఉండరు. ఈ ఫెలోషిప్‌ల మీద సలహాలిచ్చే జాతీయ కేంద్రాల బృందం ఎంఎస్‌సీఏ నెట్ ఏటా విడుదల చేసే హ్యాండ్‌బుక్‌లో ఒక్కో ఉపభాగం కింద ఏమేం చూస్తారో వరుసగా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని మీ పేరాలకు ఎదురుగా టిక్కులు వేసుకుంటూ పోవడం కన్నా మంచి సాధన నాకు తెలియదు.

గడువు బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు, మనకు రాత్రి 8:30. గడువులోపు ఎన్నిసార్లైనా సమర్పించొచ్చు, చివరిదే లెక్క. వారం ముందే ఒక కాపీ పంపించి, పోర్టల్ నుంచి పీడీఎఫ్ దింపుకుని తెరిచి చూడండి. గాంట్ చార్టు అక్షరాలు మసకబారడం, ఫాంట్ మారిపోవడం వల్ల పదో పేజీ పదకొండులోకి జారడం అప్పుడే బయటపడతాయి. ఆఖరి గంటలో సూపర్‌వైజర్ రైల్లో ఉంటే చేయగలిగిందేమీ ఉండదు.

ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది, బలాలు, బలహీనతలు రాసిన నివేదికతో. 85 దాటి డబ్బు రానివాళ్లకు సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే ధ్రువపత్రం ఇస్తారు. దానంతట అది పైసా తేదు. కొన్ని దేశాల, సంస్థల పథకాలు మాత్రం దాన్ని చూసి నిధులిస్తాయి. హోస్ట్ పోర్చుగల్, పోలండ్, చెకియా, గ్రీస్ లాంటి వైడెనింగ్ దేశంలో (పరిశోధనలో వెనకబడిందని ఈయూ గుర్తించిన దేశంలో) ఉంటే ఇంకో మార్గం ఉంది. దరఖాస్తులో ఒక గడిలో సమ్మతి తెలిపితే అదే ప్రపోజల్ ఆ దేశాలకే కేటాయించిన ఈఆర్‌ఏ ఫెలోషిప్‌ల పోటీకి దానంతటదే వెళ్తుంది. ఫ్రాన్స్‌కి ఆ వీలు లేదు. దేశం ఇంకా తేల్చుకోనివాళ్లు ఈ సంగతి గట్టిగా ఆలోచించాలి. 2023, 2024 పిలుపుల నిబంధనల్లో 70 కన్నా తక్కువ వస్తే మరుసటి ఏడాది అదే హోస్ట్‌తో పెట్టనిచ్చేవారు కాదు. మళ్లీ పెట్టేటప్పుడు పాత నివేదికలోని బలహీనతలకు వాక్యానికి వాక్యం అతుకులేయకండి. కొత్త ఏడాది చదివేవాళ్లు వేరు. ఆ వ్యాఖ్య ఏ లోపం వల్ల వచ్చిందో కనిపెట్టి ఆ భాగాన్నే తిరగరాయాలి.

డబ్బు గురించి అపోహలు చాలా. 2024 పిలుపు వరకు నెలకు జీవన భత్యం 5,080 యూరోలు, మొబిలిటీ భత్యం 600, కుటుంబం ఉంటే 660. 2025 పిలుపులో మొదటి రెండూ 5,990, 710 అయ్యాయి. జీవన భత్యాన్ని దేశపు ధరల గుణకంతో గుణిస్తారు. అయితే ఇది చేతికొచ్చే జీతం కాదు. యజమాని కట్టాల్సిన సామాజిక బీమా కూడా ఇందులోంచే పోతుంది. ఫ్రాన్స్‌లో ఆ వాటా పెద్దది. ఆ తర్వాత మీ వాటా, ఆ పైన ఆదాయపు పన్ను. అంకెలు చూసి ఇంటికి పంపే సొమ్ము లెక్కలు వేసుకోకుండా, హోస్ట్ హెచ్‌ఆర్‌ని నమూనా జీతపు చీటీ అడగండి. అడగడంలో తప్పులేదు, అక్కడ అది మామూలు. పరిశోధన, శిక్షణ ఖర్చులకు నెలకు 1,000 యూరోల చొప్పున 24 నెలలకు 24,000 విడిగా వస్తాయి, అవి సంస్థ చేతిలో ఉంటాయి. సదస్సులు, రసాయనాలు, సింక్రోట్రాన్ ప్రయాణం దాంట్లోంచే. ఏ ఖర్చుకు ఎవరి సంతకం కావాలో చేరిన మొదటి వారమే తెలుసుకోవాలి.

గ్రాంట్ ఒప్పందం మీద సంతకం హోస్ట్‌ది, కమిషన్ తరఫున దాని రీసెర్చ్ ఎగ్జిక్యూటివ్ ఏజెన్సీది. మీకు ఉద్యోగ ఒప్పందం వస్తుంది. ఆ తర్వాత ఫ్రాన్స్ ప్రత్యేకంగా పెట్టే ఆలస్యం ఒకటుంది. చాలా ల్యాబ్‌లు పరిమిత ప్రవేశ ప్రాంతాలు. అందులో అడుగుపెట్టడానికి మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి, అది రెండు నెలల దాకా పడుతుంది. ఫలితం రాగానే మీ ల్యాబ్ అలాంటిదేనా అని అడిగి ఆ ఫైలు ముందు కదిలించండి. అనుమతి వచ్చాకే చాలాచోట్ల ఒప్పందం, పరిశోధకుల ఆతిథ్య పత్రం ఇస్తారు. ఆ పత్రం లేకుండా పరిశోధకులకిచ్చే టాలెంట్ వీసా దరఖాస్తు సాగదు. హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు కేంద్రం వీఎఫ్ఎస్‌లో స్లాట్ దొరకడం వీటన్నిటికన్నా సులువు. జీవిత భాగస్వామికి, పిల్లలకు టాలెంట్ కుటుంబ వీసా ఉంటుంది, భాగస్వామి ఉద్యోగం చేసుకోవచ్చు. పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించని వాళ్లు ప్రపోజల్ రాసే రోజుల్లోనే చేయించుకోవాలి.

కాగితాల్లో మనవాళ్లకు ఎదురయ్యేవి రెండు. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పేపర్లలో వెనక్కి తిప్పి ఉంటుంది. దరఖాస్తు, ఒప్పందం, వీసా అన్నిటా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పేపర్లలోని పేరును ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఖాతాలో కలపండి. రెండోది జనన ధ్రువపత్రం. ఫ్రాన్స్‌లో శాశ్వత సామాజిక భద్రత నంబరు రావాలంటే తల్లిదండ్రుల పేర్లతో ఉన్న జనన పత్రం, అపొస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ), ప్రమాణం చేసిన అనువాదకుడి ఫ్రెంచ్ అనువాదం కావాలి. పల్లెల్లో ఇంట్లో పుట్టిన మా తరంలో చాలామందికి నమోదే లేదు. పంచాయతీ నుంచి నమోదు లేదన్న ధ్రువీకరణ, ఆర్డీఓ ఉత్తర్వు, ఆ తర్వాత ఆలస్య నమోదు, రాష్ట్ర ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపొస్టిల్. ఈ వరుసంతా తిరగడానికి రెండు నెలలు ఎక్కడికీ పోవు. ఫ్రాన్స్ వెళ్లాక ఇక్కడ అమ్మానాన్నలను ఆఫీసుల చుట్టూ తిప్పడం కన్నా, ఫలితం కోసం ఎదురుచూసే ఐదు నెలల్లో చేయించుకుంటే సరి. అక్కడ దిగాక రెండు నెలల్లోపు నివాస కార్డుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. అద్దె ఒప్పందమో, ఇంట్లో ఉండనిచ్చినవారి ఉత్తరమో అప్పుడు అడుగుతారు. కాబట్టి మొదటి నెల బసకు హోటల్ కాకుండా చిరునామా పత్రం ఇచ్చే విశ్వవిద్యాలయ వసతి చూసుకోండి.